సబ్బుపెట్టె రిమోట్

లక్ష్మీపతి గారు కూర్చున్న చోటు నుంచి లేవరు.

వసంత్ కుంజ్‌లో మా బ్లాకు మూడో అంతస్తులో ఆయన కుర్చీ ఉంది. దాని చుట్టూ ఇల్లు ఉంది. రిటైరైన విద్యుత్ ఇంజనీరు. ఫ్యానుకీ, గీజరుకీ, వీధి తలుపు గొళ్ళానికీ రిమోట్లు చేసుకున్నారు. బాల్కనీలోంచి పాలకోసం దించే తాడుబుట్టకు మోటారు పెట్టారు. ఒకసారి ఆ బుట్ట రెండో అంతస్తులో మా కిటికీ ముందు ఆగిపోయింది. ఆ రోజు మా కాఫీ బాగా చిక్కగా వచ్చింది.

షుగరు ఎక్కువైందని డాక్టరు రోజుకు ఐదు వేల అడుగులు నడవమన్నాడు. అడుగులు లెక్కపెట్టే వాచీని ఆయన ఫ్యాను రెక్కకు కట్టారు.

"ఇది మోసం కదా అంకుల్?"

"డాక్టరు అంకె అడిగాడు రాజీవ్. ఇచ్చాను."

ఆ ఇంట్లో నడిచేదీ, కారు నడిపేదీ ఉమ ఆంటీయే. ఆయనకు డ్రైవింగ్ రాదు. ఆమె ఒక బడిలో పదో తరగతికి లెక్కలు చెబుతారు. కీళ్ళవాతం. డిసెంబరు వస్తే పొద్దున్నే వేళ్ళు వంగవు. మంచులా ఉన్న స్టీరింగు అరగంట పట్టుకున్నాక చాక్‌పీసు పట్టుకోవడం కష్టం.

"పరీక్షల దాకా ఈ పిల్లల్ని లాక్కురాలేను. మానేస్తాను" అన్నారు ఆమె ఒక ఆదివారం, నా ముందే.

లక్ష్మీపతి గారు టీవీ మీంచి చూపు తిప్పలేదు. "కారుకి రిమోట్ పెట్టాలి" అన్నారు.

"నేను వేళ్ళ గురించి ఏడుస్తుంటే రిమోటంటారేంటండీ!"

"వింటున్నానుగా."

ఆ కారును లడఖ్‌లో పనిచేసొచ్చిన ఒక సైనికాధికారి దగ్గర కొన్నారు. బానెట్ కింద చిన్న హీటరు ఉంది. అది డీజిల్‌ను కొద్దికొద్దిగా మండించి, ఇంజను స్టార్ట్ చేయకముందే అందులో తిరిగే నీటిని వేడిచేస్తుంది. ఆ వేడి కారు లోపలికీ వస్తుంది. కానీ దాని స్విచ్చి స్టీరింగు పక్కన ఉంది. అంటే ఎవరో ఒకరు ముందుగా వెళ్ళి ఆ చలిలో కూర్చుని నొక్కాలి. లడఖ్‌లో జవాన్లు ఉంటారు. మా బ్లాకులో నేనున్నాను.

రెండు ఆదివారాలు పట్టింది. నేను ఆరుబయట పార్కింగులో బానెట్ కింద తలపెట్టి నిలబడ్డాను. ఆయన బాల్కనీ కుర్చీలోంచి ఫోనులో చెప్పారు.

"ఎర్రతీగ కుడివైపు."

"ఎవరి కుడి అంకుల్?"

"కారు కుడి. కారుకెక్కడైనా ఇద్దరి కుడులుంటాయా?"

"ఒక్కసారి కిందికొచ్చి చూడరాదూ!"

"చూడ్డానికే అయితే నువ్వెందుకు?"

రిసీవర్ అనే బుల్లి పెట్టెను గ్రిల్లు వెనక బిగించాను. రిమోట్ ఆయనే చేశారు. పాత సబ్బుపెట్టె, లోపల ఒకటే సెల్, పైన ఇడ్లీ అంత ఎర్ర బటన్.

"ఇంత పెద్దదెందుకు?"

"నాకు చత్వారం."

ప్రారంభోత్సవం ఉమ ఆంటీ చేశారు. వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపి, అరచేత్తోనే నొక్కారు. కింద కారు టిక్ టిక్‌మంది. తాళం వేసిన కారు. లోపల మనిషి లేడు. కింద నుంచి తెల్లటి పొగ.

"అరే భాగో! గాడీ మే ఆగ్!" అని, కారుకి నిప్పంటుకుందనుకుని కాపలాదారు రామ్‌ఫల్ నీళ్ళ బకెట్టు ఎత్తి గ్రిల్లులోకి కొట్టాడు.

"రామ్‌ఫల్ భయ్యా, హీటర్ హై!" అని పైనుంచి అరిచాను. రెండో బకెట్టు కూడా వెళ్ళిపోయింది.

"పాడైందా అంకుల్?"

"ఏం కాలేదు" అన్నారాయన.

నిజమే. మర్నాడు ఆరింటికి ఆంటీ నొక్కారట. ఆరున్నరకు దిగేసరికి స్టీరింగు గోరువెచ్చగా ఉందట. బ్లాకంతా ఎక్కీ దిగీ చెప్పారు. మానేస్తానన్న మాట మళ్ళీ వినబడలేదు.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున గుర్‌గావ్ ఆఫీసుకు త్వరగా బయలుదేరాను. పొగమంచు. వాళ్ళ కారులో ఎవరో ఉన్నారు. మంకీ క్యాప్. దొంగే అనుకుని అద్దం మీద కొట్టాను.

"ష్! కూర్చో."

"అంకుల్! మీరు కిందికి..."

"అరవకు. ఆరు కానీ."

ఆయన తల ఎత్తి వంటింటి కిటికీనే చూస్తున్నారు. లైటు వెలిగింది. ఒక చెయ్యి సబ్బుపెట్టెతో బయటికొచ్చింది. ఆయన స్టీరింగు పక్కన స్విచ్చి నొక్కారు. టిక్ టిక్.

"రామ్‌ఫల్ నీళ్ళకి రిసీవర్ పోయింది. అది నొక్కినప్పుడు ఆవిడ ముఖం చూశావుగా. పోయిందని ఎట్లా చెప్పను?"

"ఆంటీకేం చెప్పి దిగుతున్నారు?"

"పాలకని."

"బుట్ట?"

"తాడు తెగిందన్నాను." మంకీ క్యాప్ కిందికి లాక్కున్నారు. "నేనే కోశాను."

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

ఆదివారం పైకి వెళితే ఆయన స్నానానికి వెళ్ళారు. వంటింట్లో సబ్బుపెట్టె మూత తీసి ఉంది. లోపల సెల్ లేదు.

"ఆంటీ, ఇందులో సెల్..."

ఆమె గోడ గడియారం వైపు చూపించారు. "అది ఆగిపోతే పోయిన సోమవారం ఇందులోంచి తీసి అందులో వేశాను. మర్నాడు మరిచిపోయి నొక్కేశాను. హీటరు వచ్చింది!"

"అయ్యో."

"వంగి చూద్దును కదా, కింద మంకీ క్యాప్." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "మూడంతస్తులు రాజీవ్. రోజూ. నిన్న టెస్టులో షుగరు దిగింది."

"మరి తెలిసిందని చెప్పరా?"

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. ఆంటీ గబగబా సబ్బుపెట్టె మూత బిగించారు.

"ఊరుకో బాబూ. చెబితే బాగు చేసేస్తారు."