పై సిలిండరు అన్నయ్యది

యాభై ఎనిమిదేళ్ళొచ్చి తల ముగ్గుబుట్ట అయినా, రేవులో అందరూ ఆయన్ని చిన్నోడనే పిలుస్తారు. పెద్దోడనే అన్నయ్య ఒకడున్నాడు గనక ఈయన చిన్నోడయ్యాడు. ఆ అన్నయ్యతో మాటలు లేక పదకొండేళ్ళయింది. పేరు మాత్రం వదల్లేదు.

చిన్నోడు పంపుల మెకానిక్. నీళ్ళ పంపు కానీ, పిండిమర మోటారు కానీ, ఎంత మొండిదైనా ఆయన చెయ్యి పడితే దారికి రావాల్సిందే. అలాంటివాడి ఇంటి వెనక రేకుల కొట్లో, గోనెపట్టా కింద, ఒక బోటు మోటారు పలకరించే దిక్కు లేక పడి ఉంది. అది అన్నదమ్ములిద్దరిదీ. వంతెన రాకముందు ఇరవై రెండేళ్ళు దాంతోనే జనాన్ని ఏరు దాటించారు.

రెండు సిలిండర్ల మోటారు, ఒకదాని మీద ఒకటి. ఏటా వరదల రోజుల్లో పడవ ఆపేసినప్పుడు, తుప్పు పట్టకుండా ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త నూనె పోసి దాచేవాళ్ళు. మొదటి ఏడాది ఒకరికి తెలియకుండా ఒకరు రెండింటికీ పోశారు. వరద తగ్గాక స్టార్ట్ చేస్తే రేవంతా పొగ కమ్మి, ఏదో ఇల్లు అంటుకుందని జనం బిందెలతో పరిగెత్తుకొచ్చారు. ఆ రోజే పంపకాలైపోయాయి. పైది అన్నయ్యది, కిందిది తమ్ముడిది. ఒకరి వంతులో ఇంకొకరు వేలు పెట్టకూడదు.

వంతెన వచ్చాక పడవెక్కే నాథుడు లేడు. మోటారు అమ్మేద్దామన్నాడు అన్నయ్య. "అమ్మితే నన్నూ కలిపి అమ్మెయ్" అన్నాడు తమ్ముడు. మాటామాటా పెరిగింది, గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. మర్నాడు పొద్దున్నే అన్నయ్య కొట్టు తాళంచెవి గుమ్మంలో పెట్టి, అవతలి ఒడ్డున కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

"మోటారుకి చుక్క నూనె కూడా వెయ్యకుండా పోయాడు." పదకొండేళ్ళుగా చిన్నోడిది ఇదే పాట.

"మీరు చూశారా?" అని భార్య అడిగేది.

చూడలేదు. ఆయన వెయ్యనిదానికి నేనెందుకు వెయ్యాలని పంతం. కొట్టు తలుపు కూడా తియ్యలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మొన్న అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. "చిన్నాన్నా, నాన్నకి చూపు దాదాపు పోయింది. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని, వెళ్ళే చేపల పడవల చప్పుడు వింటుంటాడు. ఏదీ మనది కాదమ్మా అంటాడు."

చిన్నోడికి అన్నయ్యను చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. బస్సెక్కితే అరగంట. కానీ ఏ ముఖం పెట్టుకుని దిగుతాడు, దిగి ఏమంటాడు? మోటారు మీద వెళ్తే తనకంటే ముందు అదే పలకరిస్తుంది. అది తిరగకపోతే తనూ వెళ్ళడు. తన సంగతి తనకు తెలుసు.

తెల్లారగానే పట్టా లాగేశాడు. పైన ఉన్న ఫ్లైవీల్‌ని రెండు చేతులా పట్టి తిప్పబోయాడు. బండరాయిలా ఉంది. ప్లగ్గులు తీద్దామని ముందు పైదానికి పానా వేశాడు. అలా వెయ్యగానే వదులై, వేళ్ళతోనే తిరుగుతూ వచ్చేసింది. మరలకు గ్రీజు పూసి ఉంది. లోపలికి టార్చి వేసి చూస్తే పిస్టన్ నూనెతో నిగనిగలాడుతోంది.

కింది ప్లగ్గు కీచుమని ఏడ్చి ఏడ్చి ఊడింది. లోపల అంతా ఎర్రటి తుప్పు.

చిన్నోడు అక్కడే చతికిలబడ్డాడు. తాళంచెవి గుమ్మంలో పెట్టిన ఆ పొద్దున, అంత కోపంలోనూ, అన్నయ్య తన వంతు నూనె వేసి వెళ్ళాడు. కిందిదాన్ని ముట్టుకోలేదు. అది తమ్ముడిది కదా, వేసుకుంటాడులే అనుకున్నాడు.

భార్య వచ్చి, "ఏమైందండీ?" అంది.

"అన్నయ్య వేశాడే. వెయ్యనిది నేను."

మాటకు మాట బాకీ ఉంచని ఆవిడ కూడా ఆయన పక్కన నేలమీదే కూర్చుంది.

ప్లగ్గు రంధ్రాలు పైకి వచ్చేలా మోటారును పడుకోబెట్టి, నూనెలో కిరోసిన్ కలిపి కింది సిలిండర్లో పోశాడు. ఫ్లైవీల్ మీదా, పక్కన కదలని ఇనుము మీదా కలిపి ఒక సుద్దగీత గీశాడు. రోజూ పొద్దునా సాయంత్రం ఇటు కాస్త, అటు కాస్త ఒత్తి చూసేవాడు. గీత విరిగేది కాదు.

"సుత్తితో ఒక్కటి తగిలించకూడదూ?" అంది భార్య నాలుగో రోజు.

"లోపల పిస్టన్ రింగు విరిగితే ఈ పాతదానికి ఇంకోటి దొరకదు. బలవంతం పనికిరాదు."

"ఇంత ఓపిక మనుషుల దగ్గర ఉంటే ఎంత బాగుండేది!" అని లోపలికి వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజు సుద్దగీత గింజంత పక్కకు జరిగింది. చిన్నోడు మెల్లగా వెనక్కి ఒత్తాడు, వెనక్కి వచ్చింది. మళ్ళీ నూనె, మళ్ళీ ఒత్తడం. పద్నాలుగో రోజుకి పూర్తి చుట్టు తిరిగింది. కార్బురేటర్ కడిగి, నీటి పంపు రబ్బరు మార్చి, డ్రమ్ములో నీళ్ళు నింపి, మోటారును అందులోకి దించి తాడు లాగాడు. అయిదో లాగుడికి దగ్గి, తుమ్మి, అందుకుంది. పొగకి పక్కింటివాళ్ళు తిట్టిపోశారు. ఆయన మాత్రం నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు, పొగ వల్ల కాదు.

ఆ సాయంత్రమే చేపలవాళ్ళ పడవ అడిగి తెచ్చి, మోటారు బిగించి ఏట్లోకి దింపాడు. సగం దూరం వెళ్ళేసరికి అవతలి మెట్ల మీద ఒక మనిషి లేచి నిలబడ్డాడు. పక్కనున్న గోడ పట్టుకుని, తల ఒకవైపు వంచి వింటున్నాడు. ఎంత చిక్కిపోయాడో! చిన్నోడు నేర్చుకుని వచ్చిన మాటలన్నీ ఏట్లోనే కలిసిపోయాయి.

పడవ మెట్లకు తగిలింది. మోటారు ఆపాడు.

"కిందిదాని గొంతు బొంగురుపోయిందేంట్రా? నూనె వెయ్యలేదా?" అన్నాడు అన్నయ్య.

"వెయ్యలేదన్నయ్యా."

అన్నయ్య గాలిలో తడుముతూ చెయ్యి చాచాడు. చిన్నోడు ఆ చెయ్యి అందుకుని, జాగ్రత్తగా పడవలో కూర్చోబెట్టాడు. అన్నయ్య వేళ్ళు మోటారును వెతుక్కుని, పై ప్లగ్గు మీద ఆగాయి.

"ఇకనుంచి రెండింటికీ నువ్వే వెయ్యరా. నాకు కనపడదు."

"కుదరదు. పైది నీది. చెయ్యి నేను పట్టుకుంటాను, నూనె నువ్వే వెయ్యి."