ఫౌంటెన్‌లో పిప్పి ఎవరిది?

చౌరస్తాలో కొత్తగా కట్టిన ఫౌంటెన్ పక్కనే నా చెరుకు రసం బండి. సాయంత్రం నీళ్లు ఎగిరితే జనం వచ్చేవాళ్లు, జనం వస్తే నా మిషన్ తిరిగేది. మా పొయ్యి వెలిగిందంతా ఆ జాగా పుణ్యమే.

చెరుకు కొట్టే రోజుల్లో ఒకసారి ఫౌంటెన్ ఆగిపోయింది. నాలుగు రోజులైనా చుక్క లేవలేదు. ఐదో రోజు మున్సిపాలిటీ సారు మోటర్ మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. తొట్టిలోకి తొంగి చూసి, నేరుగా నా మీద పడ్డాడు.

"నీ పిప్పంత తొట్ల పోసి మోటర్ జాలీ నింపినవ్. రేపటిసంది నీ బండి ఈడ కనవడొద్దు!"

నా ఒళ్లు భగ్గున మండింది. రోజూ పిప్పిని సంచిలో కుక్కి, నెత్తిన పెట్టుకుని మోసుకెళ్లి బర్రెకు వేసేదాన్ని. నీళ్లలో పారబోయడానికి నాకేమన్నా పిచ్చా? మూగిన జనం మాత్రం "గీమె పిప్పే సార్" అని వంత పాడారు. రోజూ నా దగ్గర రసం తాగేవాళ్లే!

"జాలీ తీపియ్యిండ్రి సారూ. నా పిప్పే అయితే నేనే బండి తోల్కవోత" అన్నాను..

మేస్త్రీ నీళ్లలోకి దిగాడు. అంతలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లు మలుపు తిరిగాయి. పోయే బండి నుంచి గడ లాగని చెయ్యి మా దగ్గర ఉండదు. తగువు చూస్తూనే తలా ఒకటి లాగారు. ఒకాయన మర్యాదగా చెక్కు తీసి సారుకూ ఒక ముక్క ఇచ్చాడు. అందరూ గట్టు మీద కూర్చుని నమలసాగారు.

మేస్త్రీ జాలీ విప్పి, అందులోని పిప్పిని గట్టు మీద కుప్ప పోశాడు. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా మిషన్ కింద నుంచి పిడికెడు తెచ్చి పక్కన పరిచాను. నాది మూరెడు పొడుగు, అట్టలా అణిగిపోయిన పిప్పి. కుప్పలో ఉన్నవన్నీ నమిలి ఉమ్మిన ఉండలు.

"మిషన్‌కు పండ్లుంటయా సారూ?"

దవడలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. సారు మింగలేడు, ఉమ్మలేడు. బుగ్గ ఉబ్బించుకుని అలాగే కూర్చున్నాడు. నేను సంచి నోరు తెరిచి ముందు పెట్టాను.

"గిండ్ల ఉమ్ముండ్రి. మా బర్రె ఏమనుకోదు."

మేస్త్రీ పగలబడి నవ్వాడు. సారు తల వంచి సంచిలో ఉమ్మాడు. అతని వెనక ఒక్కొక్కరూ వరసగా వచ్చి ఉమ్మారు. మేస్త్రీ జాలీ బిగించి మోటర్ వేయగానే నీళ్లు నిలువెత్తున లేచి అందరినీ తడిపేశాయి. నేను కొంగు దులుపుకుని మిషన్ తిప్పాను. నా బండి అంగుళం జరగలేదు.