కొల్లేటి బొమ్మలో వెలగని చోటు

చీకట్లో ఏదో కనబడిందని ఎవరైనా చెబితే, ముందు బల్బు మార్చుకోమనే మనిషిని నేను. దెయ్యాలు, సూచనలు, కలలో పిలుపులు నా దగ్గర చెల్లేవి కావు. ఇప్పుడు రాస్తున్నది కూడా ఎవరినో నమ్మించడానికి కాదు. నా చేతుల మీదుగా జరిగిన పని కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఏలూరులో నాది చిన్న డిజైన్ ఆఫీసు. షాపులకీ హోటళ్లకీ గుడ్డ మీద పెద్ద బొమ్మ ప్రింట్ చేయించి, అల్యూమినియం ఫ్రేములో బిగించి, వెనక ఎల్‌ఈడీ దీపాలు పెడతాం. ఏ దీపం ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు తగ్గాలో నేను కంప్యూటర్‌లో గీసి ఇస్తాను. దాంతో కదలని బొమ్మలో నీళ్లు పారుతున్నట్టు, చీర కొంగు ఎగురుతున్నట్టు కనబడుతుంది. తాడేపల్లిగూడెం బట్టల షాపుల్లో నేను ఎగరేసిన కొంగులకు లెక్కలేదు.

గుండుగొలను దగ్గర హైవే మీద సత్యంగారికి భోజనాల హోటల్ ఉంది. ఆయన ఒక్కగానొక్క కొడుకు కిరణ్ వర్షాకాలంలో కొల్లేటికి వెళ్లి తిరిగి రాలేదు. బైకు ఒక గట్టు మీద దొరికింది. మనిషి దొరకలేదు. వెళ్లిన రోజు వాళ్లమ్మ పద్మగారికి ఫోన్‌లో ఒక ఫొటో పంపాడు. నీళ్లు, గుర్రపుడెక్క, తల తెగిన తాటి మోడు, పైన ఎర్రటి ఆకాశం. అది ఎక్కడ తీశాడో ఎవరూ చెప్పలేకపోయారు. కొల్లేట్లో ఎటు తిరిగినా నీళ్లూ గుర్రపుడెక్కే కదా. బైకు దొరికిన వైపే గాలించి ఊరుకున్నారు.

ఆ ఫొటోనే హోటల్లో గోడంత చేసి పెట్టమన్నారు సత్యంగారు. అప్పటికే ఇంట్లో పెద్ద గొడవ నడుస్తోంది. శవం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు. అలా చేసేద్దామని బంధువులు, కుదరదని పద్మగారు.

“మనిషిని చూపించండి, అప్పుడు ఏడుస్తాను. గడ్డికి నిప్పు పెట్టి నా కొడుకంటే ఎలాగండీ?” అని నా ఎదురుగానే భర్తని అడిగారు. ఆయన తల వంచుకుని బయటికి వెళ్లిపోయారు.

ఒక ఉదయం బొమ్మ బిగించి స్విచ్చి వేశాం. రెండు తప్పులు కనబడ్డాయి. ఎడమ నుంచి కుడికి పోవాల్సిన అలలు కుడి నుంచి ఎడమకి పోతున్నాయి. మోడు పక్కన నీళ్లలో చాటంత మేర వెలుతురే లేదు.

మొదటి తప్పు మా పనిలో మామూలే. నేను ముందు నుంచి చూసి గీస్తాను. ఫిట్టర్ దుర్గారావు వెనక నిలబడి దీపాల పలకలు బిగిస్తాడు. నా ఎడమ అతనికి కుడి. అందుకే ఎడమ మూలన ఎర్ర టేపు అంటిస్తాను. ఆ టేపు చూసుకోకుండా బిగించేశాడు. నాలుగు చీవాట్లు పెట్టి, పలకలు అటువి ఇటు, ఇటువి అటు మార్పించాను. అలలు సరైన వైపుకి తిరిగాయి.

వెలుతురు లేని ఆ మచ్చ మాత్రం కదల్లేదు. దీపాల్లో లోపమైతే పలకలతో పాటు అది కూడా అటు వైపుకి పోవాలి. పోలేదు. గుడ్డ విప్పి చూస్తే వెనక ప్రతి దీపం వెలుగుతోంది. అయితే గుడ్డలో లోపమనుకుని ఇంకోటి ప్రింట్ చేయించి మర్నాడు పొద్దున్నే తెచ్చి వేశాం. మచ్చ మళ్లీ అక్కడే ఉంది.

కౌంటర్‌లో కూర్చుని చూస్తున్న పద్మగారు లేచి వచ్చి, ఆ మచ్చ మీద అరచెయ్యి పెట్టారు.

“ఇక్కడ చల్లగా ఉందేంటమ్మా?” అన్నారు.

నేనూ పెట్టి చూశాను. మిగతా గుడ్డంతా గోరువెచ్చగా ఉంది. అక్కడ మాత్రం నూతి గట్టు మీద చెయ్యి పెట్టినట్టుంది. వెనక దీపాలు వెలుగుతుంటే అలా ఉండకూడదు. ఆవిడకి ఏదో సర్ది చెప్పి బయటికి వచ్చేశాను.

అప్పుడే ఏసుబాబు చేపలు దించుతున్నాడు. లంక ఊరి నుంచి రోజూ హోటల్‌కి చేపలు వేసే మనిషి. గోడ వైపు చూసి బుట్ట కింద పెట్టేశాడు.

“ఇది మా లంక అవతలి మోడండీ. పిడుగు పడి చీలింది, అదిగోనండి చీలిక. బైకు దొరికిన చోటికీ దీనికీ సంబంధమే లేదండి.”

ఫోన్ తెరలో కనబడని చీలిక గోడ మీద కనబడింది. దీనికి నేను కారణం చెప్పగలను, బొమ్మ పెద్దదైంది అంతే. ఆ తర్వాత జరిగినదానికి చెప్పలేను.

ఆ రోజే పడవలు వేసుకుని వెళ్లారు. మోడు దగ్గర, బొమ్మలో మచ్చ ఉన్న వైపునే, గుర్రపుడెక్క కింద కిరణ్ దొరికాడు. చేతి కడియాన్ని బట్టి పోల్చారు. దుర్గారావు కూడా వాళ్లతో వెళ్లాడు.

దహనం జరిగిన మర్నాడు సత్యంగారు ఫోన్ చేశారు.

“మచ్చ పోయిందమ్మా. మనిషిని పంపించారా?”

నేనెవరినీ పంపలేదు. దుర్గారావు హోటల్ వైపు వెళ్లలేదు. వెళ్లి చూస్తే కొల్లేరంతా వెలుగుతోంది. మోడు పక్కన కూడా అలలు ఆగకుండా పోతున్నాయి. చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

పద్మగారికి కొంచెమైనా ఊరట కలిగి ఉంటుందనుకుని దగ్గరికి వెళ్లాను. ఆవిడ గోడ వైపు చెయ్యి చూపించారు.

“మీరు ఆ దీపాలు పెట్టకపోతే, నా కొడుకు ఇంకా ఎక్కడో ఒకచోట ఉండేవాడమ్మా.”

ఆ మచ్చ ఎందుకు వచ్చిందో, ఎవరూ ముట్టుకోకుండా ఎందుకు పోయిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ బొమ్మ ఇంకా వెలుగుతూనే ఉంది. పద్మగారు మాత్రం కౌంటర్‌లో తన కుర్చీని వెనక్కి తిప్పించుకున్నారట. ఇప్పుడు గోడకి వీపు పెట్టి కూర్చుంటున్నారు.