అరువు కాలు

మా అన్నయ్యకి ఫొటో స్టూడియో ఉంది. రోజంతా వచ్చినవాళ్ళకి చెప్పే మాట ఒక్కటే, కదలకండి అని. ఆ మాట చెప్పే మనిషి మాత్రం ఒకచోట నిలిచిన పాపాన పోలేదు. తింటూ తింటూ లేచి కిటికీ మూస్తాడు, కూర్చున్నాక మళ్ళీ లేచి తెరుస్తాడు. మా వదిన ఆయనకి కాలుగాలిన పిల్లి అని పేరు పెట్టింది. ఫోనులో కూడా ఆ పేరుతోనే దాచుకుంది.

అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, అన్నయ్యకి ఇరవై. అమ్మకి ఉన్న ఒకే ఒక్క ఫొటోలో కళ్ళు మూసుకుని ఉంది. అప్పుడే స్టూడియోలో పనికి కుదిరిన అన్నయ్య పది రోజులు కూర్చుని ఆ కళ్ళు తెరిపించాడు. చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారు. యజమాని ఆ ఒక్క ఫొటో చూసి ఆయన్ని ఫొటోలు దిద్దే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ ఫొటో ఇప్పుడు మా ఇంటి ముందుగదిలో ఉంది. చెప్పుకోవాల్సినవన్నీ నేను దానికే చెప్పుకుంటాను.

అలాంటి నిలకడ లేనివాడికి తేనెటీగల పిచ్చి ఎలా పట్టిందో నాకిప్పటికీ అర్థం కాదు. నాలుగేళ్ళ క్రితం ఒక పాత లెన్సుని తిరగేసి కెమెరాకి బిగించి, స్టూడియో వెనక ఖాళీ స్థలంలో ఒక తేనెటీగని చూశాడట. దాని ముఖం అరచెయ్యంత కనిపించిందట. ఆ రోజు నుంచి వదినకి తెల్లవారుజామున మొగుడు కనబడటం మానేశాడు.

తేనెపట్టు లేని ఒంటరి తేనెటీగలు కొన్ని ఉంటాయని ఆయన వల్లే తెలిసింది. సాయంత్రం ఏదో ఒక ఎండుపుల్లని దవడలతో కరిచిపట్టుకుని, ఎండ తగిలేదాకా అలాగే వేలాడుతూ నిద్రపోతాయి. అన్నయ్య ఎండ రాకముందే వెళ్ళి గడ్డిలో బోర్లా పడుకుంటాడు. అంత దగ్గర నుంచి తీస్తే కన్ను స్పష్టంగా వచ్చినప్పుడు కాలు మసకబారుతుంది, కాలు కుదిరితే రెక్క పోతుంది. అందుకని కెమెరాని వెంట్రుకవాసి జరుపుతూ యాభై అరవై తీసి, స్పష్టంగా వచ్చిన ముక్కలన్నీ కంప్యూటర్లో కలిపి ఒక్క ఫొటో చేస్తాడు. అన్నీ తీసేదాకా ఈగా కదలకూడదు, ఆయనా కదలకూడదు. నేనొకసారి వెంట వెళ్ళి చూశాను. నలభై నిమిషాలు రాయిలా ఉన్నాడు. ఆ బాకీ అంతా దారిలో తీర్చుకున్నాడు. స్టూడియో తాళం వేశానో లేదోనని రెండుసార్లు వెనక్కి పరిగెత్తాడు.

ఒకరోజు కాలేజీలో పురుగుల గురించి పాఠాలు చెప్పే మేడం పాస్‌పోర్ట్ ఫొటో కోసం వచ్చి, అద్దం వెనక పెట్టిన ఈగల్ని చూసింది. ఈ చుట్టుపక్కల తేనెటీగల మీద ఆవిడ పుస్తకం రాస్తోంది. పదకొండు ఫొటోలు ఏరుకుంది. అందులో ఒకటి అట్ట మీదకి. వేల ముఖాలు తీసినా అన్నయ్య పేరు ఎక్కడా అచ్చు కాలేదు. యాభై ఒకటో ఏట మొదటిసారి అవబోతోంది. కనిపించిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పాడు, వినడానికి ఆగనివాళ్ళకి వెంటపడి మరీ చెప్పాడు.

పుస్తకం అచ్చుకి వెళ్ళే ముందు మేడం ఫోన్ చేసింది. అట్ట మీది ఈగ వెనక కాలికి తెల్లని వెంట్రుకల పట్టీ ఉందని, ఆ జాతికి అలాంటిది ఇంతవరకూ ఎవరూ చూడలేదని, ఇది కొత్త జాతే కావచ్చని చెప్పింది. ఆదివారం వల పట్టుకుని వస్తాను, ఆ చోటు చూపించమంది.

అప్పటి నుంచి అన్నయ్య మరీ పిచ్చెక్కినట్టు తిరిగాడు. ఆ వారంలో మూడుసార్లు నా టైలరింగ్ షాపుకి వచ్చి, సగం టీ తాగి, బొత్తాల డబ్బాలన్నీ కలిపేసి వెళ్ళాడు. నాలుగోసారి నాకు ఒళ్ళు మండింది. కూర్చుంటావా, వెళతావా తేల్చుకోమన్నాను. కూర్చున్నాడు.

“ఆ కాలు దానిది కాదు,” అన్నాడు.

ముప్ఫై ఒకటో ఫొటో దగ్గర ఈగకి మెలకువ వచ్చి కాలు కదిపిందట. కలిపి చూస్తే ఒక కాలు రెండుగా వచ్చింది. గ్రూప్ ఫొటోలో ఎవరైనా కళ్ళు మూసుకుంటే స్టూడియోలో ఇంకో ఫొటోలోంచి కళ్ళు తెచ్చి పెడతారు. ముప్ఫై ఏళ్ళుగా అదే చేసిన చెయ్యి, ఆ వేళ కూడా తన పని తాను చేసుకుపోయింది. రెండు రోజుల ముందు తీసిన వేరే ఈగ కాలు తెచ్చి అతికించింది.

“అదీ తేనెటీగే కదా అనుకున్నాను,” అన్నాడు.

నాకు నవ్వాగలేదు. నోరు మూసుకుని ఊరుకో, వెతుకుతుంది, దొరక్కపోతే పోతుంది అన్నాను. ఆ సలహా ఇచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అట్ట మీద ఆయన ఫొటో చూడాలని నాకూ ఉంది మరి. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. దొరకలేదని ఆవిడ ఊరుకోదు, లేని ఈగ కోసం ఏళ్ళ తరబడి వెతుకుతుంది అన్నాడు.

ఆదివారం నేనూ వెళ్ళాను. మేడం వల, గాజు సీసాలు పట్టుకుని చిన్నపిల్లలా సంబరంగా వచ్చింది. అన్నయ్య సంచీని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. ఆవిడ గడ్డిలోకి వంగాక గానీ ఆయనకి నోరు పెగల్లేదు.

“మేడం, ఆ కాలు నేను అతికించాను. వేరే ఈగది.”

ఆవిడ మెల్లగా లేచింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

“మిగతా పదింటిలో ఏమేం అతికించారు?”

“ఏం లేదనే అనుకుంటున్నానండీ.”

“అనుకుంటున్నారా?”

అన్నయ్య సంచీని మళ్ళీ భుజం మార్చుకున్నాడు. ఆయన చెయ్యి ఆయనకి చెప్పి చెయ్యదు. ఈ ఫొటోలు చూసి జనం ఈగల్ని గుర్తుపడతారండీ అని మాత్రం అని, మేడం సీసాలు సర్దుకుంది. పదకొండూ తీసేసింది. పుస్తకం ఆయన పేరు లేకుండానే వచ్చింది. ఒక కాపీ కొని తెచ్చుకుని, మొదటి పేజీ నుంచి చివరిదాకా నిలబడే చదివాడు.

ఆ మర్నాడు సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పకుండానే ముందుగదిలో కుర్చీ ఎక్కి అమ్మ ఫొటో దించాడు. జేబులోంచి ఒక పాత ఫొటో తీశాడు. కళ్ళు మూసుకున్న అమ్మ. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

“ఈ కళ్ళు పిన్నివి,” అన్నాడు. “అక్కచెల్లెళ్ళే కదా అనుకున్నాను.”

నాకు పట్టరాని కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ళు దాచినవాడివి ఇంకో ముప్ఫై ఏళ్ళు దాచలేకపోయావా అని కేకలేశాను. పిన్ని మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ ఫొటోకి వీపు పెట్టి కూర్చునేది. దుఃఖం అనుకునేదాన్ని.

కాసేపటికి కళ్ళు మూసుకుని అమ్మ కళ్ళని తలుచుకున్నాను. పిన్ని కళ్ళే వచ్చాయి. మళ్ళీ ప్రయత్నించాను. అవే.

“అమ్మ కళ్ళు ఎలా ఉండేవన్నయ్యా?”

అన్నయ్య రెండు ఫొటోలూ చేతుల్లో పట్టుకుని, ఆ కుర్చీ మీద కదలకుండా నిలబడిపోయాడు.

“నాకూ ఇవే గుర్తొస్తున్నాయి,” అన్నాడు.