మూలన సలోమి పేరు

నిన్న మా గేటుకు రంగు వేస్తుంటే కిరోసిన్ కలిసిన పెయింటు వాసన తగిలి, మా సలోమి చిన్నమ్మ గుర్తొచ్చింది.

ఊళ్లోకి ఫ్లెక్సీలు ఇంకా రాని రోజుల్లో టేకులపల్లి దుకాణాలకు బోర్డులు రాసేది, బొమ్మలు వేసేది ఆమే. కుచ్చిళ్లు దోపుకొని నిచ్చెనెక్కేది. పని అయ్యాక కింద మూలన ఎర్రగా 'సలోమి' అని రాసేది. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న నేను, ఆ పేరున్న దుకాణాలన్నీ చిన్నమ్మవే అనుకున్నాను. ఆ ధీమాతోనే కిరాణా కొట్లో అడక్కుండా బెల్లం ముక్క నోట్లో వేసుకునేదాన్ని.

ఒకరోజు సైకిల్ షాపాయన, తడి ఆరని బోర్డు చూసి మొహం చిట్లించాడు.

"ఆడామె రాసిందంటే నవ్వుతరమ్మా. ఆ పేరు తుడిచెయ్."

"అవ్, తుడుస్తా" అంది చిన్నమ్మ.

గుడ్డను కిరోసిన్‌లో ముంచి నిచ్చెనెక్కింది. షాపు పేరు తుడిచింది. సైకిల్ తొక్కే పిల్ల బొమ్మనూ తుడిచింది. మూలన తన పేరును మాత్రం ముట్టుకోలేదు.

"ఏందమ్మా గిట్ల చేసినవ్?" అని ఆయన అరిచాడు.

"తుడవమన్నవ్, తుడిచిన. నా రాత కావాల్నంటే నా పేరు కూడ ఉంటది అన్నా" అని నిచ్చెన భుజానికెత్తుకుంది.

ఖాళీ బోర్డు మీద ఒక్క పేరే మిగిలింది. ఇక ఈ షాపు పూర్తిగా మాదేనని నేను గంతులేశాను.

దుకాణాలు మావి కావని కొన్నాళ్లకే తెలిసింది. అయినా ఆ బజారు ఎవరిదని అడిగితే, ఇప్పటికీ మా చిన్నమ్మదే అంటాను.