కడిగిన సీసా

టీ పోసుకోండి, చెబుతాను. శుభ్రం పిచ్చి ఉన్న పెళ్లాం మొగుణ్ణి ఎందాకా తీసుకుపోతుందో మొన్న చూశాను.

మా ఆయన రైల్వేలో పని చేస్తారు. రక్తపరీక్షలో పీఎస్‌ఏ అనేదేదో ఎక్కువ వచ్చింది. ప్రోస్టేట్ క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు డాక్టర్. లోపల్నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఆ రిపోర్ట్ కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూపు.

మా బిడ్డ నవ్య ఉప్పల్‌లో ఒక ల్యాబ్‌లో రీసెర్చ్ చేస్తుంది. మూత్రంలోని ప్రొటీన్లను ముక్కలు చేసి, మాస్ స్పెక్ట్రోమీటర్ అనే మిషన్‌లో తూచి, ఈ క్యాన్సర్ జాడ దొరుకుతుందా అని చూస్తారట. నాన్నది కూడా కావాలని ఓ సీసా తెచ్చిపెట్టింది.

పొద్దున చూద్దును కదా, సీసా అడుగున ఏవో నీళ్లచుక్కలు. కొత్త గ్లాసైనా సరే, కడగనిదే నేను వాడను. గారెలకు పప్పు రుబ్బుతూ లేచానేమో, అదే చేత్తో వేలు లోపలిదాకా తిప్పి కడిగి, కొంగుతో తుడిచి ఆయనకిచ్చాను.

తర్వాతి వారం నవ్య ఫోన్.

"అమ్మా, నాన్న శాంపిల్ల ఏదో తేడా ఉంది. ఎన్నడూ రానివి వచ్చినయి. మా మేడం గూడ పరేషానైంది. సాయంత్రం వస్త. నాన్నకు చెప్పకు."

నాచారం మెయిన్‌రోడ్డు మీది ఇల్లు మాది. ఆ తర్వాత కాసేపు నాకు ఒక్క హారన్ వినబడలేదు.

ఆయనకు షుగర్. అయినా అడక్కుండానే చక్కెర పాకంలో బ్రెడ్డు నానేసి డబల్ కా మీఠా చేశాను. రెండోసారి వడ్డించాను. తడి టవల్ మంచం మీద పడేస్తే నేనే తీసి ఆరేశాను.

ఆయన చెంచా ఆపారు. "ఏందే, పొద్దుగాల్నుంచి ఒక్క తిట్టు లేదు. రిపోర్ట్ గిట్ల వచ్చిందా?"

"తినుండ్రి."

తినలేదు. గిన్నె పక్కకు జరిపి కిటికీ దిక్కు చూశారు. "గ్యాస్ బుక్ చేసే నంబర్ నా ఫోన్ల ఉంది. జర రాసిపెట్టుకో," అన్నారు మెల్లగా.

వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

నవ్య వచ్చింది. బ్యాగు కూడా దించలేదు.

"అమ్మా, ఆ సీసా ఎవరన్న ముట్టిన్రా?"

"కడిగిన."

"కడిగినవా?"

"అడుగున నీళ్లుండె."

"నీళ్లు కాదమ్మా, ప్రొటీన్లు చెడిపోకుండ వేసే మందు అది." గోడకు ఆనుకుంది. "ఎంత వెతికినా మనిషి ప్రొటీన్లతోని కలుస్తలేవు. చివరికి ఇందాక మొక్కల ప్రొటీన్లతోని కలిసినయి. మినుములు. నాన్న శాంపిల్ నిండా మినుములే."

ఆయన నవ్యనూ, నన్నూ, డబల్ కా మీఠానూ మార్చి మార్చి చూశారు.

"అంటే నేను పోతలేనా?"

"ఖరాబైంది శాంపిల్ నాన్నా, నువ్వు గాదు. డాక్టర్ రిపోర్ట్ రేపొస్తది."

"రేపటి ఫికర్ రేపు. ఆ గిన్నె ఇటు జరుపు."

రిపోర్ట్ వచ్చింది. క్యాన్సర్ లేదు, వయసుతో వచ్చే వాపే. షుగర్ మాత్రం ఇంతెందుకు పెరిగిందని డాక్టర్ అడిగాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

ఇప్పుడు ఆ ల్యాబ్ నుంచి ఎవరింటికి సీసా పోయినా, మీద ‘కడగరాదు’ అని తెలుగులో అంటించి పంపుతున్నారట. కింద నా పేరు వేయలేదు, అంతవరకు నయం.

టీ చల్లారుతోంది, తాగండి. కప్పులు నేనే కడిగాను.