బేరం లేదు

శ్రావణమాసం మొదటి శుక్రవారం పొద్దున, ధర్మవరం నుంచి తనకల్లు దాకా దినపత్రిక విప్పిన ఇళ్లల్లో గులాబీరంగు కాగితం ఒకటి జారి నేల మీద పడింది. దాని నెత్తిన, బొటనవేలంత అక్షరాల్లో, నేను మూడు రోజులు తల బద్దలు కొట్టుకుని కూర్చిన రెండు మాటలున్నాయి: ‘బేరం లేదు!’ కింద మా అక్క పట్టుచీరల అంగడి చిరునామా. తొమ్మిది గంటలకల్లా గడపకు పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి, జనం తోసుకుని వస్తే వరసలో నిలబెట్టడానికి నేను గుమ్మంలో తయారుగా ఉన్నాను. (ఒక తాడు కూడా తెప్పించాను. నవ్వకండి.) అందరికంటే ముందు వచ్చింది పక్కన పూలంగడి పెద్దమ్మ. చీర కొనడానికి కాదు. అక్క చెయ్యి పట్టుకుని కళ్లల్లో నీళ్లు పెట్టుకుంది. “ఏమ్మా, ఎంత కష్టమొస్తే మాత్రం బేరాల్లేవని పేపర్లో ఏయించుకుంటారా? నాతో ఒక మాట చెప్పింటే నలుగురిని నేనే పిల్చుకొచ్చేదాన్ని గదా!”

అక్క నావైపు చూసింది. నేను తాడు వైపు చూసుకున్నాను. ధర తగ్గించమని గీచి గీచి అడగడమూ బేరమే, అంగట్లో సరుకు అమ్ముడుపోవడమూ బేరమే. సాయంత్రం ఏ అంగడాయనను పలకరించినా ‘బేరాల్లేవప్పా’ అని నిట్టూర్చే బజారులోనే నేను పుట్టి పెరిగాను. అయినా ఆ రెండో అర్థం మూడు రోజుల్లో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

ఇప్పుడంటే నాలుగు ఫొటోలు తీసి సెల్‌ఫోన్లో పంపితే అంగడి సంగతి పది ఊళ్లకు తెలుస్తుంది. అప్పట్లో చిన్న అంగడికి ప్రచారమంటే పేపర్లో పెట్టి పంచే కరపత్రం, సినిమా హాల్లో ఆట మొదలయ్యే ముందు వేసే స్లైడు, మైకు కట్టిన ఆటో, అంతే. ఇవన్నీ నేనొక్కడినే చేయగలనని నా నమ్మకం. ఎందుకంటే నేను అప్పటికి ఏడాదిన్నరగా ఒక దినపత్రికకు ధర్మవరం వార్తలు పంపుతున్నాను. అనంతపురం డెస్కులో మా ఇన్‌చార్జి కోస్తా మనిషి. ‘సభ మొదలయ్యేలోపే సర్పంచి పోయినాడు’ అని నేను రాసి పంపితే, ఆయన ఫోను చేసి “అయ్యో, ఏ జబ్బుతో?” అని అడిగినవాడు. ఒక మాట చదివేవాడి చెవిలో ఇంకోలా మోగవచ్చని ఆ రోజే నేర్చుకోవాల్సింది. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది, శీర్షిక రెండు మాటలకు మించకూడదని మాత్రమే.

అంగడి పెట్టడానికి కారణం మా బావ మోకాళ్లు. పన్నెండో ఏట గుంటమగ్గంలో దిగిన మనిషి. పొద్దంతా గుంటలో కాళ్లు వేలాడేసి తొక్కుడుపలకలు తొక్కీ తొక్కీ, నలభై దాటేసరికి పైకి లేవాలంటే అక్క భుజం కావాల్సి వచ్చేది. షావుకారికి కూలికి నేసినంత కాలం ఆ గుంటే గతి. అందుకని అక్క, తెలిసిన నేతగాళ్ల దగ్గర అరువు మీద చీరలు తెచ్చి, బజారులో రెండు తలుపుల అంగడి తీసింది. శ్రావణంలో పెళ్లిళ్ల బేరం తగిలితే బావ ఇక మగ్గం తొక్కనక్కర్లేదు. తగలకపోతే దసరాకల్లా చీరలు ఎవరివి వాళ్లకిచ్చేసి మళ్లీ గుంటలోకి దిగడమే. అక్కకు ఆ నెల అంత ముఖ్యం.

నేను రంగంలోకి దిగాను. మూడు అట్ట ఫైళ్లు కొని ఒకదాని మీద ‘కరపత్రం’, ఒకదాని మీద ‘స్లైడు’, ఒకదాని మీద ‘మైకు’ అని స్కెచ్ పెన్నుతో రాశాను. ఒక రీలు ఫొటోలు తీయించి, ఆల్బంలో అంటించి, ఒక్కో చీర కింద ఒక్కో పేరు పెట్టాను. అక్క వంకాయ రంగు, ఉల్లిపొర రంగు, మెంతి రంగు అంటుంటే నేను ‘సంధ్యారాగం’, ‘హేమంతం’ అని రాశాను. ఒకరోజు ఎవరో కాలేజీ అమ్మాయి ఆల్బం తిరగేసి “సంధ్యారాగం ఉందా ఆంటీ?” అని అడిగితే, “ఆ యమ్మి ఎవురో ఈడ లేదమ్మా, పక్క వీధిలో అడుగు” అంది అక్క.

ఇక ‘బేరం లేదు’ సంగతి. మా అక్క మెత్తటి మనిషి. ఎవరైనా రెండుసార్లు గట్టిగా అడిగితే, మూడోసారి అడక్కముందే తగ్గించేది. వారానికి పైగా నేసిన చీర మీద మిగిలేది నవ్వొక్కటే. అందుకని ఒకే ధర పెడదాం, తగ్గించేది లేదని ముందే చాటుదాం అన్నాను. అక్కకు మనసొప్పలేదు. “బేరం లేకుంటే అంగట్లో మాట్లాడేకి ఏముంటాదిరా?” అంది. పెద్ద ఊళ్లలో ఇంతేనని చెప్పాను. “అవి పెద్ద ఊర్లురా. వాళ్లకు మాట్లాడేకి తీరికుండదు.” అప్పుడు బావ కలుగజేసుకున్నాడు. “పేపరోడు చెప్తాండాడు, ఊరికే చెప్పడులే. మాటిను మే.” ఆ మాటతో అక్క ఒప్పుకుంది. (బావ నేను రాసిన వార్తలన్నీ కత్తిరించి పెట్టుకునేవాడు, కరెంటు కోత వార్తలతో సహా.)

సరే, శుక్రవారం. పూలంగడి పెద్దమ్మను ఓదార్చి పంపేసరికి మైకు ఆటో వచ్చింది. నేను రాసిచ్చింది ‘బేరం లేదు, మోసం లేదు, ఒకే మాట, ఒకే ధర’ అని. అంత చదవడానికి ఓపిక లేక డ్రైవరు మొదటి ముక్కే పట్టుకున్నాడు. “అక్కలారా, అమ్మలారా, మన పట్టుచీరల అంగట్లో బేరం లేదు! బేరం లేదు! బేరం లేదు!” అక్క చెప్పులు కూడా వేసుకోకుండా బజార్లోకి ఉరికింది. “ఆపప్పా సామీ, నీ నోట్లో మన్నుపడ! ఊరు ఊరంతా వినింది, చాలు!” ఎదురంగడి వాళ్లు గల్లాపెట్టెలు వదిలి బయటికొచ్చి మరీ నవ్వారు.

పదకొండున్నరకు నిజంగానే బోణీ బేరం వచ్చింది. తనకల్లు దిక్కునుంచి ఒక అవ్వ, ఇద్దరు కోడళ్లు. మనవరాలి పెళ్లి. అవ్వ చేతిలో మా గులాబీరంగు కాగితం మడతపెట్టి ఉంది. పెళ్లికూతురి చీర, చుట్టాలకు పెట్టుబడి చీరలు, అన్నీ కలిపి తొమ్మిది ఏరి ఒక పక్కన పెట్టింది. అక్క ముఖం నేను అంత వెలుగుతో మళ్లీ చూడలేదు. అవ్వ ఎర్రంచు చీర మీద చెయ్యేసి, “దీంట్లో ఒక నూరు తగ్గించు తల్లీ” అంది. అక్క నోరు తెరిచింది. నేను మధ్యలో దూరాను. “లేదవ్వా. కాగితంలోనే వేసినాం గదా.”

“సూసినాంలే నాయనా. కాగితంలో ఏసేటివన్నీ ఎవురు నమ్ముతారు?”

“నూరుతో ఏం పోతుందవ్వా, మీకది లెక్కా?”

“నాకు నూరు లెక్క కాదప్పా. పెండ్లిచీర అడిగినకాడికి ఇచ్చి తెచ్చినానంటే, ఈ ముసల్దానికి నోరు పడిపోయిందని మా వియ్యపురాలు నవ్వుతాది. పోనీ, నూరొద్దు. యాభై తగ్గించు. పాతికన్నా తగ్గించు. ఏదో ఒకటి తగ్గించు.”

అక్క నా మోచెయ్యి గిల్లింది. బోణీ బేరం పోగొట్టుకోరాదని దాని అర్థం. నాకు మాత్రం ఆ క్షణంలో అంగడి పరువంతా, కరపత్రం నిజాయితీ అంతా ఆ పాతిక రూపాయల మీదే నిలబడి ఉన్నట్టనిపించింది. పత్రికలో అచ్చయిన మాట వెనక్కి తీసుకుంటే సవరణ వేయాలి కదా! “ఒకే మాట అవ్వా” అన్నాను. అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసి, “మనుషులతో మాట్లాడేకి ఇష్టం లేనోనివి అంగట్లో ఎందుకుండావు నాయనా?” అని, కోడళ్లను తీసుకుని ఎదురంగడి మెట్లెక్కింది. అక్కడ గంటసేపు బేరం జరిగింది. మాకు వినిపిస్తూనే ఉంది. వాళ్లు మాకంటే ఎక్కువ ధరే చెప్పి, మా ధర దగ్గర ఆగారు. అవ్వ నవ్వుకుంటూ తొమ్మిది చీరలతో బయటికొచ్చింది.

అక్క, అవ్వ ఏరి పెట్టిపోయిన తొమ్మిది చీరలూ మడత మీద మడత పెట్టి బీరువాలో సర్దింది. మరుసటి రోజే నేను ఒకే ధర ఎత్తేద్దామన్నాను గానీ, బేరాల్లేని అంగడన్న పేరు అప్పటికే కదిరి దాకా పోయింది. దసరా తర్వాత అంగడి ఎత్తేశారు. బావ గుంటలోకి దిగాడు. ఇంకో ఆరేళ్లు నేశాడు.

ఏ సంగతయినా రెండు మాటల్లో తేల్చి పారేసిన ఆ కుర్రవాడిని తలుచుకుంటే ఇప్పుడు కోపం కూడా రాదు. పక్కన కూర్చోబెట్టుకుని, ముందు నాలుగు అంగళ్లలో బేరమాడి రారా అని పంపాలనిపిస్తుంది. ఈమధ్య ధైర్యం చేసి అక్కతో అన్నాను, ఆ కాగితం వల్లే కదా అంగడి పోయిందని. అక్క వక్క కొరుకుతూ తేలిగ్గా తీసేసింది. “నీ కాగితం పాడుగాను, దానివల్ల యాడ పోయిందిరా? ఆ యేడు వానల్లేవు. చెనిక్కాయ పండకుంటే పట్టుచీరలు ఎవురు కొంటారు?”

ఆ యేడు వాన పడింది. జిల్లా అంతా వేరుశనగ బాగా పండిందని వార్త రాసింది నేనే. బావ దాన్ని కూడా కత్తిరించి దాచుకున్నాడు. అక్క ఆ సంగతి మరిచిపోయి అలా అందో, తెలిసే అందో, నేనింతవరకూ అడగలేదు.